చిగుళ్ల శస్త్రచికిత్స అనంతరం: శోథ, స్వస్థత



కాళేశ్వర క్షేత్రం మహదేవపూర్ మండలంలో ఉన్నందున ఈ దారిన ఏడాది పొడవునా యాత్రికుల రాకపోకలు సాగుతూ ఉంటాయి. ఆ యాత్రికులలోను, ఈ మండల గ్రామస్థులలోను చిగుళ్ల వ్యాధితో బాధపడేవారు తక్కువేమీ కాదు. వ్యాధి ముదిరి శస్త్రచికిత్స అవసరమైన వారు వరంగల్, కరీంనగర్, హైదరాబాద్ వంటి నగరాలకు వెళ్లి చేయించుకొని, ఆ సాయంత్రమో మరునాడో ఇల్లు చేరుతారు. అటుపై వారం రోజులు వైద్యుడు చెంతన ఉండడు. చెంప ఉబ్బుతుంది, చిగురు సలుపుతుంది, ఉమ్మిలో ఎర్రని చార కనిపిస్తుంది. ఇది సహజమా, ప్రమాదమా అన్న నిర్ణయం రోగిదీ, ఇంటివారిదీ అవుతుంది. ఆ నిర్ణయానికి తోడ్పడగల జ్ఞానాన్ని పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం. నేను చిగుళ్ల వ్యాధులకు చికిత్స చేసే వైద్యుడను. రోగులు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలనే ఆధారంగా చేసుకొని వ్రాస్తున్నాను.

శోథ అనగా నేమి?

దెబ్బ తగిలినా, సూక్ష్మజీవులు చొరబడినా ఆ భాగం ఎర్రబడుతుంది, వాస్తుంది, వేడెక్కుతుంది, నొప్పి పెడుతుంది. క్రీస్తుశకం 1వ శతాబ్దికి చెందిన రోమన్ గ్రంథకర్త సెల్సస్ ఈ నాలుగు లక్షణాలను ఒకచోట చెప్పినాడు. మన వైద్య సంప్రదాయంలో దీనికి శోథ అని పేరు. సుశ్రుత సంహిత వ్రణశోథకు ఆమం, పచ్యమానం, పక్వం అని మూడు దశలు చెప్పి, ఏ దశలో ఉన్నదో గుర్తించిన తరువాతనే వైద్యుడు చేయి వేయాలని బోధించినది. దంతమూలాలకు కలిగే రోగాలను 15గా లెక్కించి, చిగుళ్ల నుండి రక్తం కారడం, చీము పట్టి దంతాలు కదలడం వంటి లక్షణాలను వేరు వేరుగా వర్ణించినది కూడా ఆ గ్రంథమే.

శోథ స్వతహాగా రోగం కాదు. అది శరీరం చేసే రక్షణ కార్యం. గాయమైన చోట సన్నని రక్తనాళాలు వ్యాకోచిస్తాయి. అందువల్ల ఎరుపు, వేడి కలుగుతాయి. నాళాల గోడల నుండి ద్రవం బయటికి ఊరుతుంది, అది వాపు. ఆ ద్రవంతోపాటు తెల్ల రక్తకణాలు గాయంలోకి చేరి సూక్ష్మజీవులను, చనిపోయిన కణాలను మ్రింగి శుభ్రం చేస్తాయి. కణాలు ఈ విధంగా మ్రింగడాన్ని 1882లో ఇటలీలోని మెస్సీనా నగరంలో రష్యా శాస్త్రవేత్త మెచ్నికాఫ్ గుర్తించినాడు. 1908లో ఆయనకు నోబెల్ పురస్కారం లభించినది.

కాళేశ్వరంలో ఒకే పానవట్టంపై యముడు, ముక్తీశ్వరుడు రెండు లింగాలుగా కొలువై ఉన్నారు. శోథకు కూడా ఒకే చోట రెండు స్వభావాలు ఉన్నాయని గుర్తుంచుకుంటే ఇక ముందు చెప్పబోయేది సులభంగా బోధపడుతుంది. వచ్చిన పని ముగించుకొని వెళ్లే శోథ గాయాన్ని మాన్పుతుంది. వెళ్లక తిష్ఠ వేసిన శోథ తాను నిలిచిన చోటునే తినివేస్తుంది.

వ్యాధిలోని శోథ

పళ్లపై చేరే పాచి తొలగించకపోతే గట్టిపడి గార అవుతుంది. గార గరుకుగా ఉండడం వల్ల దానిపై మరింత పాచి నిలుస్తుంది. ఆ పాచిలోని సూక్ష్మజీవులపై శరీరం నిరంతరం యుద్ధం చేస్తుంది. నెలలు, సంవత్సరాలు గడిచినా శత్రువు తొలగడు, యుద్ధమూ ఆగదు. ఆ యుద్ధంలో వెలువడే రసాయనాలు చిగురును పంటికి పట్టి ఉంచే కొల్లాజెన్ పోగులను కరిగిస్తాయి, దవడ ఎముకను అరగదీస్తాయి. పంటికీ చిగురుకూ మధ్య సాధారణంగా 1 నుండి 3 మిల్లీమీటర్లు ఉండే సందు లోతై సంచిలాగా మారుతుంది. ఇందులో నొప్పి అంతగా ఉండదు. కనుకనే పళ్లు కదిలే వరకు చాలామంది వైద్యుని వద్దకు రారు.

గార తీయిస్తే పళ్లు కదులుతాయన్న మాట పల్లెల్లో వినిపిస్తుంది. ఎముక అరిగిన పళ్లు అప్పటికే కదులుతూ ఉంటాయి. వాటి నడుమ గోడలాగా నిలిచిన గార తొలగగానే ఆ కదలిక బయటపడుతుంది. కదలికకు కారణం వ్యాధియే కాని చికిత్స కాదు.

శస్త్రచికిత్సలో జరిగేది

మొదట చిగురు పైన, లోపల శుభ్రం చేసి కొన్ని వారాలు వేచి చూస్తారు. చాలామందికి అంతటితో నయమవుతుంది. అప్పటికీ 5 మిల్లీమీటర్లు లేదా అంతకు మించిన సంచులు మిగిలి రక్తం కారుతూ ఉంటే శస్త్రచికిత్సను ఆలోచిస్తారు. మత్తు సూది ఇచ్చి, చిగురును పంటి నుండి మెల్లగా వేరు చేసి, పుస్తకంలో పుట తెరిచినట్లు తెరుస్తారు. వేరుపై దాగిన గారను, రోగగ్రస్తమైన మెత్తని కండను తొలగించి, చిగురును తిరిగి పంటికి ఆనించి కుట్లు వేస్తారు. కొన్ని సందర్భాలలో దానిపై ముద్దవంటి కట్టు ఉంచుతారు.

ఈ కుట్లకు నల్లని పట్టుదారం వాడుక చాలాకాలంగా ఉన్నది. మహదేవపూర్ అడవులలో మద్దిచెట్లపై పెరిగే దసలి పురుగుల పట్టు ఈ ప్రాంతీయులకు సుపరిచితమే. వైద్యుల దారం మల్బరీ పట్టుతో తయారవుతుంది. ఆ దారం మెత్తగా ఉండి ముడి చక్కగా నిలుస్తుంది. కాని అల్లిక దారం కావడం వల్ల నోటిలోని తడిని, సూక్ష్మజీవులను పీల్చుకొని గాయంలోకి చేర్చగలదు. అందువల్లనే పట్టు కుట్లను చెప్పిన గడువులో, సాధారణంగా 7 నుండి 10 రోజులలో, తీయించుకోవడం తప్పనిసరి. నొప్పి తగ్గినది కదా అని కుట్లతో ఉండిపోవడం తగదు.

రోజుల లెక్క

తొలి 24 గంటలు: చిగురుకూ పంటికీ మధ్య పలుచని రక్తపు గడ్డ ఏర్పడుతుంది. మానడానికి అదే పునాది. అది కదలకుండా ఉండాలంటే ఆ రోజు గట్టిగా పుక్కిలించకూడదు, బలంగా ఉమ్మకూడదు, పెదవిని లాగి అద్దంలో చూడకూడదు. చెంపపై బయటి నుండి గుడ్డలో చుట్టిన మంచును 10 నిమిషాలు ఉంచి, అంతే సేపు తీసివేస్తూ ఉంటే వాపు కొంత తగ్గుతుంది. ఉమ్మిలో లేత ఎరుపు కనిపించడం సహజం.

2, 3 రోజులు: శోథ పతాక స్థాయికి చేరే కాలమిది. తెల్ల రక్తకణాలు గుంపులుగా వచ్చి గాయాన్ని శుభ్రం చేస్తాయి. మొదటి రోజు కంటే వాపు ఎక్కువగా కనిపించవచ్చు. భయపడవలసిన పని లేదు. ఈ రోజులలోనే చిగురు అంచున పైపొర కణాలు రోజుకు సుమారు అర మిల్లీమీటరు చొప్పున ప్రాకుతూ గాయాన్ని కప్పడం ప్రారంభిస్తాయి. రెండవ రోజు నుండి గోరువెచ్చని ఉప్పునీటిని నోటిలో మెల్లగా త్రిప్పి విడవవచ్చు.

4 నుండి 7 రోజులు: వాపు దిగిపోతుంది. రక్తపు గడ్డ స్థానంలో లేత కండ పుడుతుంది. వారం ముగిసేసరికి పైపొర పంటికి అతుకుతుంది.

2 వారాలు: కొల్లాజెన్ పోగులు ఏర్పడుతూ ఉంటాయి. పైకి మానినట్లు కనిపించినా లోపలి అతుకు ఇంకా బలహీనమే.

ఒక నెల, ఆపైన: పోగులు క్రమంగా బలపడి తమ దిశలో అమరుతాయి. చల్లని నీరు తాకితే పళ్లు జివ్వుమనడం కొన్ని వారాలు ఉండవచ్చు. పళ్లు పొడవైనట్లు కూడా కనిపిస్తాయి. అంతకు ముందు వాచి ఉన్న చిగురు తన సహజ స్థితికి కుంచించుకుపోవడం వల్ల అలా అనిపిస్తుంది.

ఈ లెక్కలో ముఖ్యమైన సూత్రం ఒక్కటే. వాపు ఎంత ఉన్నదని కాక, ఎటు సాగుతున్నదని చూడాలి. మూడవ రోజు వరకు పెరిగి తరువాత దిగుతున్న వాపు తన పని తాను చేసుకుంటున్నది. నాల్గవ రోజు నుండి తిరిగి పెరిగే వాపు దారి తప్పినది.

పుష్కరాల నాటి ఒక ఉదాహరణ

2025 మే 15 నుండి 26 వరకు కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు జరిగినవి. పుష్కరాలకు ఐదు రోజుల ముందు ఈ మండలానికి చెందిన ఒక పెద్దామెకు చిగుళ్ల శస్త్రచికిత్స జరిగినది. అరవై ఏళ్లు దాటిన ఆమెకు మధుమేహం కూడా ఉన్నది. మూడవ రోజు ఉదయం కుమారుడు ఫోను చేసి, “సారూ, అమ్మ చెంప నిన్నటికన్న ఇయ్యాల ఎక్కువ ఉబ్బింది. సున్నం, పసుపు కలిపి పెట్టుమంటున్నరు, పెట్టాల్నా?” అని అడిగినాడు. జ్వరం ఉన్నదా, చీము కనిపిస్తున్నదా, నోరు తెరవగలుగుతున్నదా, నీరు మ్రింగగలుగుతున్నదా అని నేను నాలుగు ప్రశ్నలు అడిగినాను. జ్వరం, చీము లేవు. నోరు తెరుస్తున్నది, నీరు త్రాగుతున్నది. సున్నం చిగురును కాల్చివేస్తుందని, ఏమీ పూయవద్దని, మరునాటి ఉదయం మళ్లీ చెప్పమని అన్నాను. మరునాటికి వాపు దిగడం మొదలైనది.

అప్పుడు ఆమె స్వయంగా ఫోను తీసుకొన్నది. వాపు సంగతి ఆమె అడుగలేదు. “పుష్కర స్నానం చెయ్యొచ్చునా సారూ? మళ్ల పన్నెండేండ్లకు నేనుంటనో లేదో” అన్నది. ఆ మాటకు తేలికగా బదులు చెప్పడం ఎవరికైనా కష్టమే. “పుష్కరాలు పన్నెండు రోజులున్నాయి కదమ్మా. కుట్లు తీయించుకొని చివరి రోజులలో వెళ్లండి. నోరు మూసుకొని మునగండి. నదీజలంతో పుక్కిలించవద్దు, ఆచమనానికి ఇంటి నుండి కాచి చల్లార్చిన నీరు తీసుకువెళ్లండి. ఎండ ఎక్కక ముందే తిరిగి రండి” అన్నాను. ఏడవ రోజు కుట్లు తీశారు. చివరి రోజులలో ఆమె స్నానమూ చేసినది, చిగురూ చక్కగా మానినది.

లక్షలాది మంది మునిగే నీటిలో, అది ఎంతటి పవిత్ర తీర్థమైనా, సూక్ష్మజీవులు ఉంటాయి. గాయం కప్పబడే వరకు, అనగా కనీసం రెండు వారాలు, నదీజలాన్ని నోటిలోకి తీసుకోకపోవడం శ్రేయస్కరం. శిరస్సుపై ప్రోక్షించుకోవడానికి ఏ అభ్యంతరమూ లేదు.

మానడానికి అడ్డుపడేవి, తోడ్పడేవి

పొగాకు: వేసవిలో తునికాకు సేకరణ ఈ అడవి పల్లెలకు జీవనాధారం. ఆ ఆకుతో చుట్టిన బీడీ మాత్రం చిగురుకు శత్రువు. పొగాకులోని నికోటిన్ సన్నని రక్తనాళాలను కుంచింపజేస్తుంది. రక్తం అందని గాయం మానదు. ఇందులో మరొక మోసం ఉన్నది. పొగ త్రాగేవారి చిగుళ్ల నుండి రక్తం తక్కువగా కారుతుంది. అందువల్ల వ్యాధి లేదనుకుంటారు. లోపల ఎముక అరుగుతూనే ఉంటుంది. బీడీ, చుట్ట, గుట్కా, తంబాకు వేటినైనా శస్త్రచికిత్సకు ముందే మానివేయడం ఉత్తమం.

మధుమేహం, ఉపవాసం: రక్తంలో చక్కెర పెరిగితే తెల్ల రక్తకణాలు చురుకుగా పని చేయవు, కొత్త కొల్లాజెన్ సరిగా ఏర్పడదు. చక్కెర అదుపులో లేకపోతే చిగుళ్ల వ్యాధి ముదురుతుంది. చిగుళ్ల వ్యాధికి చికిత్స జరిగితే చక్కెర అదుపు కొంత మెరుగుపడుతుంది. శస్త్రచికిత్స జరిగిన వారంలో మందులు మాని ఉపవాసం ఉన్నా, మందులు వేసుకొని ఆహారం మానినా ప్రమాదమే. ఏకాదశి, సోమవార వ్రతాలు ఆచరించే మధుమేహ రోగులు ఆ వారానికి మినహాయింపు తీసుకోవడం మంచిది. రోగికి, వృద్ధులకు ఉపవాస నియమాన్ని సడలించడం మన పెద్దల ఆచారంలో ఉన్నదే.

ఆహారం: మెత్తనిది, చల్లారినది, కారం లేనిది తీసుకోవాలి. ప్రసాదాలలో దద్దోజనం అనుకూలం. పులిహోరలోని కారం, వేరుశనగ పలుకులు, కొబ్బరి ముక్కలు కుట్లు తీసే వరకు వద్దు. కొల్లాజెన్ తయారీకి విటమిన్ సి అవసరం. అది కరువైతే చిగుళ్లు ఉబ్బి రక్తం కారుతాయి. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు నారింజ, నిమ్మ పండ్లతో నావికుల ఈ రోగాన్ని నయం చేసి చూపినాడు. మనకు ఉసిరి, జామ సులభంగా లభిస్తాయి. తొలి వారం పులుపు గాయానికి మంట పుట్టిస్తుంది కనుక, మెత్తగా పండిన జామను గింజలు తీసి తినవచ్చు. ఆపైన ఉసిరి తీసుకోవచ్చు.

మందులు: నొప్పి మాత్రలను వైద్యుడు చెప్పిన మేరకే వాడాలి. మూత్రపిండాల వ్యాధి, కడుపులో పుండు ఉన్నవారికి కొన్ని నొప్పి మాత్రలు హాని చేస్తాయి. గుండె జబ్బుకు రక్తం పలుచనయ్యే మాత్రలు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. వాటిని సొంతంగా ఆపకూడదు. పొరుగువారికి పని చేసిన యాంటీబయాటిక్ మాత్ర మనకు తగినదని భావించడం పొరపాటు.

ఈ సందర్భంలో ఒక తెలుగు మహనీయుని స్మరించుకోవాలి. భీమవరంలో 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయానికి నాయకత్వం వహించినారు. ఆ పరిశోధనాలయంలోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. 1948లో అది లోకానికి వెల్లడైనది. టెట్రాసైక్లిన్ మందుల కుటుంబంలో అదే మొదటిది. సుబ్బారావు గారు ఆ సంవత్సరమే పరమపదించినారు. 1980లలో న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్‌లో లోర్న్ గోలబ్ బృందం, ఈ కుటుంబపు మందులు సూక్ష్మజీవులను అణచడమే కాక కొల్లాజెన్‌ను కరిగించే ఎంజైమును కూడా అడ్డుకుంటాయని చూపినది. చిగురును తినివేసే శోథను నిగ్రహించడానికి, ఎంపిక చేసిన రోగులకు, ఆ మందును అల్ప మోతాదులో నేడు వాడుతున్నారు.

శుభ్రతయే చికిత్సలో శేషభాగం

రక్తం వస్తుందన్న భయంతో పళ్లు తోమడం పూర్తిగా మానివేసేవారు చాలామంది. కోసిన చోట తప్ప మిగిలిన పళ్లను మరునాటి నుండే తోమాలి. కోసిన చోట కుట్లు తీసే వరకు వైద్యుడు వ్రాసిన క్లోర్‌హెక్సిడిన్ ద్రవాన్ని రోజుకు రెండుసార్లు, ఒక్కొక్క నిమిషం నోటిలో ఉంచి విడవాలి. పళ్లు తోమిన వెంటనే కాక అరగంట వ్యవధి ఇవ్వాలి. దానివల్ల పళ్లపై గోధుమరంగు మరక పడితే తరువాత తొలగించవచ్చు. కుట్లు తీసిన పిదప మెత్తని బ్రష్షుతో మెల్లగా ప్రారంభించాలి. వేపపుల్ల నారలు లేత చిగురును గీరుతాయి కనుక అది మానే వరకు పుల్లను పక్కన ఉంచాలి.

1970లలో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నగరంలో లిండే, నైమన్ మున్నగు వైద్యులు శస్త్రచికిత్స పొందిన వారిని రెండేళ్లు గమనించినారు. రెండు వారాలకొకసారి పళ్లు శుభ్రం చేయించుకున్న వారికి ఫలితం నిలిచినది. పాచి పేరుకున్న వారికి శస్త్రచికిత్స జరిగినా వ్యాధి తిరగబెట్టినది.

తక్షణం వైద్యుని చూడవలసిన లక్షణాలు ఇవి:

1. శుభ్రమైన గుడ్డతో 20 నిమిషాలు అదిమి ఉంచినా ఆగని రక్తం.
2. నాల్గవ రోజు తరువాత పెరిగే వాపు లేదా నొప్పి.
3. జ్వరం, చీము, నోటి దుర్గంధం హెచ్చడం.
4. కుట్లు ఊడి చిగురు తెరుచుకోవడం.
5. నోరు తెరవలేకపోవడం. మ్రింగడం గాని, శ్వాస గాని కష్టమైతే ఆలస్యం చేయక 108కి ఫోను చేయాలి.

దాతలకు విన్నపం

క్షేత్రాలలో వైద్య శిబిరాలు నిర్వహించే దాతల ఔదార్యం ప్రశంసనీయం. దంత శిబిరాలలో పరీక్ష, గార తొలగింపు జరిపించవచ్చు. శస్త్రచికిత్స అవసరమని తేలిన వారిని ఆసుపత్రికి పంపినప్పుడు, ఆ ఖర్చుతో పాటు ఏడవ రోజు కుట్లు తీయించుకొనే ప్రయాణ ఖర్చును, మూడవ నెల తిరిగి పరీక్షకు వెళ్లే ఖర్చును కూడా లెక్కలో చేర్చవలసినదిగా ప్రార్థన. అడవి పల్లె నుండి నగరానికి రెండవసారి వెళ్లడానికి బస్సు ఛార్జీ, ఒక రోజు కూలి లేక ఆగిపోయేవారిని నేను చూచినాను. మొదటి రోజుకు పెట్టిన ధనం ఏడవ రోజున ఆ కొద్దిపాటి ఖర్చు వల్లనే ఫలిస్తుంది.

శస్త్రచికిత్స చేయించుకున్న భక్తులు ఈ పుటను చించి ఇంటిలో గోడకు అంటించుకొని, రోజుల లెక్క చూచుకోవలసినదిగా కోరుచున్నాను.